దరోజి బండలు, సండూరు కొండలు: మన వైపు పొడుగు లెన్సు కథ

హంపికి వచ్చే చుట్టాలు గుళ్ళు చూడటం అయ్యాక తప్పకుండా అడిగేది దరోజి గురించి. 1994లో ఎలుగుబంట్ల కోసం ప్రత్యేకంగా ఏర్పడిన అభయారణ్యం అది. కరడికల్లు గుడ్డకు ఎదురుగా ఒక వాచ్ టవర్ ఉంది. కన్నడంలో కరడి అంటే ఎలుగే కాబట్టి, ఆ గుట్ట పేరు మన మాటల్లో 'ఎలుగురాయి'. సాయంత్రం నాలుగు దాటితే టవర్ మీద చెయ్యి పొడవు లెన్సులు వరసగా కనిపిస్తాయి. ఎదురు బండల మీదికి తల్లి ఎలుగు, దాని వీపు మీద పిల్లలు దిగివస్తాయి. టవర్ మీద ఉన్నవాళ్ళకీ వాటికీ మధ్య చాలా ఎడం ఉంటుంది. అయినా ఇంటికి తెచ్చిన ఫొటోలో గోళ్ళు లెక్కపెట్టొచ్చు.

ఆ ఎడాన్ని అలాగే ఉంచి బొమ్మ తియ్యడం మనుషులకు ఎలా అబ్బిందో, అందులో మన బళ్ళారి సీమ వాటా ఏమిటో మన ఇంటి పిల్లలకు తెలియాలని ఇది రాస్తున్నాను.

ముందు లెన్సు సంగతి. దూరపు వస్తువు పెద్దగా పడాలంటే లెన్సు ఫోకల్ దూరం పెరగాలి. పాత 35 మి.మీ. ఫిల్ము కెమెరాకి 50 మి.మీ. లెన్సు మామూలుది. 400 మి.మీ. లెన్సు పెడితే అదే జంతువు ఎనిమిది రెట్లు పెద్దగా పడుతుంది. అయితే సాదా లెన్సుతో ఆ పని చేస్తే దాన్ని ఫిల్ముకి 400 మి.మీ. ముందు, అంటే మూరకి కాస్త తక్కువ దూరంలో నిలబెట్టాలి. 1891లో లండన్‌లో డాల్‌మేయర్, జర్మనీలో మీథె, స్టైన్‌హైల్ ఎవరికి వారే దీనికి ఉపాయం కనిపెట్టారు. ముందు కాంతిని దగ్గరకు చేర్చే అద్దాలు, వెనక దాన్ని కొంచెం విడదీసే అద్దాలు పెడితే గొట్టం పొట్టిగా ఉన్నా పొడుగు లెన్సు పని చేస్తుంది. అసలు టెలిఫొటో అంటే ఇదే. మనం వాడుకలో పొడుగు లెన్సులన్నిటినీ టెలి అనేస్తాం.

కనిపెట్టడం అయింది గాని, అడవిలో దానితో పని జరగడానికి చాలా ఏళ్ళు పట్టింది. అప్పటి ప్లేట్లకు వెలుతురు ఎక్కువ కావాలి, టెలి లెన్సేమో తక్కువ వెలుతురు ఇస్తుంది. అందుకే 1920లలో ఉత్తరాదిలో అటవీ అధికారిగా ఉన్న ఎఫ్.డబ్ల్యు. ఛాంపియన్ వేరే దారి పట్టాడు. పులి నడిచే బాటకు అడ్డంగా సన్నని తీగ కట్టి, పులి కాలు తగలగానే ఫ్లాష్ వెలిగి బొమ్మ పడేలా అమర్చాడు. ఆ ఫొటోలతో 1927లో పుస్తకం వచ్చింది. తుపాకీ పట్టడమే అడవి గొప్ప అనుకునే రోజుల్లో అది పెద్ద మాటే.

ఇక మన వైపు వద్దాం. మద్రాసుకు చెందిన ఎం. కృష్ణన్ (1912–1996) పేరు ప్రకృతి రచయితగా చాలామంది విన్నారు. తమిళ రచయిత మాధవయ్య కొడుకు. 1942 నుంచి 1949 దాకా ఆయన ఉద్యోగం మన సండూరు సంస్థానంలో అని తెలిసినవాళ్ళు తక్కువ. బడిలో పాఠాలు చెప్పారు, న్యాయాధికారిగా కూర్చున్నారు, రాజుగారి కొలువులో మరికొన్ని పనులు చేశారు. 1949లో సంస్థానం మద్రాసు రాష్ట్రంలో కలిసింది. కృష్ణన్ మద్రాసు తిరిగి వెళ్ళి, 1950 నుంచి చనిపోయేదాకా స్టేట్స్‌మన్ పత్రికలో ప్రకృతి శీర్షిక రాశారు.

ఆయన ఫొటోలన్నీ నలుపు తెలుపు. ఎక్కడెక్కడివో భాగాలు కలిపి, పొడుగు లెన్సు తగిలించి, సొంతంగా కూర్చుకున్న బరువైన కెమెరాకు 'సూపర్ పాండరోసా' అని పేరు పెట్టుకున్నారు. దానితో కాలినడకన, కొన్నిసార్లు మావటి నడిపే ఏనుగు మీద కూర్చుని, అడవి ఏనుగులను తీశారు. గాలి ఎటు వీస్తోంది, ఏనుగు చెవులు ఎలా ఉన్నాయి అన్నది తెలియనివాడికి ఆ పని కుదరదు. లెన్సు ఆయనకు కొంత దూరం మిగిల్చింది, మిగతాదంతా తెలివిడి.

సండూరు యువరాజు ఎం.వై. ఘోర్పడే (1931–2011) కృష్ణన్ వచ్చేనాటికి పదీ పదకొండేళ్ళ పిల్లవాడు. అడవి మీద ఆయనకు కలిగిన ఇష్టంలో కృష్ణన్ చెయ్యి ఉంది. తర్వాత ఘోర్పడే కర్ణాటక ఆర్థిక మంత్రి అయ్యారు. అంత పనిలోనూ బందీపూర్ వంటి అడవులు తిరిగి తీసిన ఫొటోలు 'సన్‌లైట్ అండ్ షాడోస్' పేరుతో 1983లో లండన్‌లో అచ్చయ్యాయి. ఇనప రాయికి పేరుబడ్డ చిన్న ఊరి నుంచి ఇలాంటివాళ్ళు ఇద్దరు రావడం మనవాళ్ళు చెప్పుకోవాల్సిన విషయమే. బెంగళూరులో టి.ఎన్.ఎ. పెరుమాళ్ (2017లో పోయారు) కూడా ఆ కాలం మనిషే. ఎంతోమందికి ఈ విద్య ఓపిగ్గా నేర్పారు.

ఆనాటి కష్టం ఎంతో ఒక చిన్న లెక్క చెబుతుంది. పొడుగు లెన్సులో జంతువు ఎనిమిది రెట్లు పెరిగితే చేతి వణుకూ ఎనిమిది రెట్లు పెరుగుతుంది. 400 మి.మీ. లెన్సు చేత్తో పట్టుకుంటే షట్టరు సెకనులో 400వ వంతు కంటే వేగంగా ఉండాలని పాత లెక్క. కోడాక్రోమ్ 64 రంగు ఫిల్ముకి, 5.6 అపర్చర్‌లో, మిట్టమధ్యాహ్నం ఎండలో 500వ వంతు దొరుకుతుంది, సరిపోతుంది. కాని ఎలుగు దిగేది పొద్దు వాలాక. వెలుతురు ఎనిమిదో వంతుకు పడిపోతే షట్టరు 60వ వంతుకు వస్తుంది. అప్పుడు స్టాండు ఉన్నా జంతువు కదిలితే బొమ్మ చెదిరిపోతుంది. ఎక్కువ వెలుతురు కావాలంటే పెద్ద అద్దం కావాలి: 600 మి.మీ., ఎఫ్/4 లెన్సుకి ముందు తెరపు 150 మి.మీ. అంటే జానెడు కంటే తక్కువే. అలాంటివి ఐదు కిలోలు దాటిన రోజులున్నాయి. ధర సరే, మనబోటి ఇళ్ళలో దాని మాటే లేదు.

తర్వాత కథ వేగంగా మారింది. ఆటోఫోకస్ వచ్చింది. 1990లలో వణుకును ఆపే లెన్సులు వచ్చాయి. డిజిటల్ వచ్చాక ఫిల్ము ఖర్చు పోయింది. 2013 తర్వాత 150–600 మి.మీ. జూములు ఉద్యోగం చేసుకునే కుర్రవాళ్ళకూ అందాయి. ఈ రోజు దరోజి టవర్ మీద కనిపించేవి ఎక్కువగా అవే.

అయినా కొన్ని చిక్కులు పోలేదు. మన బండలు మధ్యాహ్నానికి పెనంలా కాలుతాయి. వాటి మీద ఆడే వేడి గాలి గుండా తీస్తే ఎంత ఖరీదు లెన్సయినా బొమ్మ నీళ్ళలో చూసినట్టు వస్తుంది. ఇంకోటి, ఎలుగు నలుపు, బండ తెలుపు. కెమెరా బండను చూసి వెలుతురు తగ్గిస్తే ఎలుగు మసి ముద్దలా మిగులుతుంది. కొంచెం వెలుతురు పెంచి తీస్తే బొచ్చు కనిపిస్తుంది.

అసలు చిక్కు ఇవేవీ కావు. పొడుగు లెన్సు వచ్చింది దూరం ఉండటానికి. అది చేతికొచ్చాక చాలామంది ఇంకా దగ్గరికే పోతున్నారు. హంపి రాళ్ళలో ఉండే పసుపు గొంతు పికిలిపిట్ట దక్షిణాదికే సొంతం. దాన్ని పైకి రప్పించడానికి ఫోన్‌లో దాని కూతే వినిపిస్తారు. పిట్ట తన చోటులోకి ఇంకోటి వచ్చిందని బెదిరి, మేత మాని తిరుగుతుంది. గూటి ముందు కొమ్మలు విరిస్తే కాకికి, పాముకి దారి చూపించినట్టే. మన దేశంలో చాలా పోటీలు గూటి దగ్గర తీసిన ఫొటోలు వద్దనడానికి కారణం అదే.

దరోజిలోనూ ఒక మాట దాచకూడదు. ఎలుగులు బయటికి వచ్చేలా అటవీ సిబ్బంది ఆ బండల మీద బెల్లం కలిపిన పాకం పూస్తూ వచ్చారు. అందుకే ఆ సమయానికి, ఆ రాతి మీదికే వస్తాయి. వాటి సొంత తిండి చెదలు, చీమలు, తేనె, రేగుపళ్ళు. అక్కడ తీసిన బొమ్మ కింద ఈ సంగతి కూడా రాస్తే చూసేవాళ్ళకు నిజం తెలుస్తుంది.

మన పిల్లల్లో ఎవరైనా కెమెరా కొనుక్కుంటే నాదొకటే మాట. జంతువు మేత మాని మిమ్మల్ని చూడటం మొదలుపెడితే మీరు దగ్గరికి వచ్చేశారని అర్థం, రెండడుగులు వెనక్కి వెయ్యండి. బొమ్మ కాస్త చిన్నగా వస్తే రానివ్వండి. దాని చుట్టూ బండ, తుమ్మ చెట్టు, ఆకాశం కూడా పడతాయి. రేపు ఈ కొండల్లో ఇంకో గని తవ్వితే, ఎలుగు ఎక్కడ బతికిందో చెప్పడానికి మిగిలేవి అవే. టవర్‌కి వెళ్ళేటప్పుడు నీళ్ళు, టోపీ పట్టుకెళ్ళండి. మాటలు తగ్గించండి.