‘ఛార్జి’ అనే ఇంగ్లీషు మాట, దాని రష్యన్ రూపాలు

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి వ్రాసి ఇమ్మని కార్యదర్శిగారు కోరారు. రాజులను గురించి, యుద్ధాలను గురించి వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను ఒక మాట చరిత్ర వ్రాస్తాను. సర్వీసులో చేరిన రోజు నుంచి దిగిపోయిన రోజు దాకా మనమందరం వాడిన మాటే అది: ‘ఛార్జి’.

చేరినప్పుడు ఛార్జి తీసుకున్నాం, బదిలీ అయితే ఛార్జి అప్పగించాం. పక్క సీటాయన సెలవు పెడితే అదనపు ఛార్జి చూశాం. కొందరం ఛార్జి మెమోలు అందుకున్నాం, కొందరం ఇచ్చాం. సమ్మె రోజుల్లో లాఠీఛార్జి చూశాం. బస్సు ఛార్జీలు పెరిగినప్పుడల్లా సణుక్కున్నాం. ఇప్పుడు ఇంట్లో మనవలు ఫోను ఛార్జింగ్ అయిపోయిందని గోల పెడుతుంటే వింటున్నాం. ఇన్నిటికీ ఒకే మాట ఎలా చాలుతోందని మనం ఎన్నడూ అనుకోలేదు. అది వింత అని నాకు తోచింది రష్యన్ల వల్ల.

నేను ఉద్యోగం చేసింది ఒక ఉక్కు కర్మాగారంలో, డ్రాయింగులు, పత్రాలు చూసే విభాగంలో. సోవియట్ సహాయంతో మన దేశంలో ఉక్కు కర్మాగారాలు కట్టడం భిలాయితో మొదలయింది. ఆ ఒప్పందం 1955లో జరిగితే, 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. తరువాత బొకారో వచ్చింది. విశాఖ ఉక్కుకు సోవియట్ యూనియన్‌తో 1979లో ఒప్పందం కుదిరింది. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావుగారు ఆ కర్మాగారాన్ని జాతికి అంకితం చేసేనాటికి సోవియట్ యూనియన్ అనే దేశమే లేదు. ఈ పనులన్నిటా డ్రాయింగులు రష్యన్‌లో వచ్చేవి, జవాబులు ఇంగ్లీషులో పోయేవి. మధ్యన ఉన్న దుబాసీల శ్రమ ఏ శిలాఫలకం మీదా ఎక్కలేదు.

అటువంటి ఒక రష్యన్ దుబాసీ కుర్రవాడు ఒకనాడు టైపు చేసిన కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరకు వచ్చాడు. పైన ‘ఛార్జి షీట్’ అని ఉంది. అంతకు రెండు రోజుల ముందే అతను సిబ్బంది విభాగానికి చెందిన ఒక క్రమశిక్షణ ఫైలు అనువాదం చేసి ఉన్నాడు. “ఇది ఎవరి నేరం?” అని అడిగాడు. కాగితంలో చూస్తే ఇనుప ఖనిజం ఇన్ని టన్నులు, సింటర్ ఇన్ని టన్నులు, కోక్ ఇన్ని, సున్నపురాయి ఇన్ని అని ఉంది. ఫర్నేసులో వేయవలసిన సరుకుల పట్టీ అది. ఇద్దరం నవ్వుకున్నాం. తరువాత అతను ఒక తెల్లకాగితం తీసుకుని, ఛార్జి అన్న మాటకు తనకు తెలిసిన రష్యన్ మాటలన్నీ వరుసగా వ్రాసి, నాచేత పలికించాడు. కాగితం ఒక పక్క సరిపోలేదు.

ఈ మాట మూలం బండి. లాటిన్‌లో ‘కార్రుస్’ అంటే బండి. అది గాల్ దేశీయుల భాష నుంచి రోమన్లు తీసుకున్న మాట. దాని నుంచి బండికెత్తడం అన్న అర్థంలో ‘కార్రికారే’ వచ్చింది, అది ఫ్రెంచిలో ‘షార్జే’ అయింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించి, కచేరీలలోను కోర్టులలోను ఫ్రెంచి మాట్లాడారు. అలా 13వ శతాబ్దం నాటికి ఈ మాట ఇంగ్లీషులో స్థిరపడింది. కాబట్టి ఛార్జి అంటే మొదటి అర్థం బరువు ఎత్తడం, బరువు. ‘కార్’, ‘కార్గో’ కూడా ఆ కుటుంబంలోనివే. కోక్ ఓవెన్ల మీద నడిచే ‘ఛార్జింగ్ కార్’ను ఎరిగిన మిత్రులు గమనించాలి. ఆ పేరులో ఒకే మాట రెండుసార్లు ఉంది!

బరువు ఒక్కటే, ఎవరి మీద పెట్టారన్నదే తేడా. డబ్బు బరువు పెడితే రుసుము. బాధ్యత పెడితే ఆఫీసు ఛార్జి. నేరం పెడితే అభియోగం. ఫిరంగిలో మందు దట్టిస్తే అదీ ఛార్జే. ఇంగ్లీషువాడు బరువు అన్న ఊహను వదలకుండా అన్నిచోట్లకీ మోసుకుపోయాడు. రష్యాకు నార్మన్లు పోలేదు. అక్కడ ఏ పని ఎవరు నేర్పారో ఆ మాట ఆ దారిన వచ్చింది, మిగిలినవి స్వంత ధాతువుల నుంచి పుట్టాయి.

ఫర్నేసు మాట చూడండి. కొలిమిలో వేసే సరుకు మిశ్రమాన్ని రష్యన్‌లో ‘షిఖ్తా’ అంటారు. అది జర్మన్ మాట ‘షిఖ్త్’ నుంచి వచ్చింది. పీటర్ చక్రవర్తి కాలంలో ఉరల్ పర్వతాలలో గనులు, ఇనుప కొలిములు నడపడానికి జర్మన్ నిపుణులను రప్పించారు. 1723లో యెకతెరిన్‌బుర్గ్ నగరాన్ని స్థాపించిన ఇద్దరిలో ద గెన్నిన్ అటువంటి విదేశీయుడే. జర్మన్‌లో షిఖ్త్ అంటే పొర. కోక్ ఒక పొర, ఖనిజం ఒక పొర వేయడం కొలిమి పద్ధతి కదా. ఆ మాటకే జర్మన్‌లో పని షిఫ్టు అన్న అర్థం కూడా ఉంది. ఎ, బి, సి షిఫ్టులలో జీవితం గడిపిన మనకు ఇది చెప్పకుండా ఉండలేకపోయాను. రష్యన్లు మాత్రం షిఫ్టుకు ‘స్మేనా’ అని వేరే మాట పెట్టుకున్నారు. సరుకును లోపలికి ఎక్కించే పనికి ‘జగ్రూజ్కా’ అంటారు. ఇంగ్లీషులో సరుకూ ఛార్జే, వేయడమూ ఛార్జే. డ్రాయింగు మీద ఏది ఉద్దేశమో తెలియకపోతే దుబాసీ ఆగిపోవలసిందే.

విద్యుత్తు విషయంలో మటుకు రెండు భాషలూ ఒకే దారిన నడిచాయి. 1747 ప్రాంతంలో అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ లేడెన్ జాడీలతో ప్రయోగాలు చేస్తూ, జాడీలో విద్యుత్తు నింపడాన్ని తుపాకీలో మందు దట్టించడంతో పోల్చి ఛార్జి అన్నాడు. జాడీల వరుసకు ‘బ్యాటరీ’ అన్న పేరు కూడా ఆయన ఫిరంగుల వరుస నుంచి తీసుకున్నదే. రష్యన్ మాట ‘జర్యాద్’ కూడా మొదట తుపాకీ మందుకు, ఆ తరువాత విద్యుదావేశానికి చెల్లింది. రష్యాలో ఈ పరిశోధన ఒక ప్రాణం తీసుకుంది. 1753 ఆగస్టు 6న సెయింట్ పీటర్స్‌బుర్గ్‌లో ఉరుముల వేళ ఆకాశ విద్యుత్తును కొలవబోయి ప్రొఫెసర్ రిఖ్‌మన్ పిడుగు తగిలి మరణించాడు. ఆయన మిత్రుడు లొమొనొసోవ్ ఆ దినమే షువాలోవ్ ప్రభువుకు లేఖ వ్రాశాడు. ఈ ప్రమాదాన్ని సాకుగా తీసుకుని శాస్త్రాన్ని నిందించకుండా చూడమన్నాడు, రిఖ్‌మన్ భార్యకు బ్రతికినంతకాలం భత్యం ఇప్పించమన్నాడు. మన భాషలో చెప్పాలంటే ఫ్యామిలీ పెన్షన్ అర్జీ. శవం ఇంకా ఇంట్లో ఉండగా ఆ మాట తలచుకున్న మనిషిని నేను గొప్పవాడంటాను.

తుపాకీ మందు ఛార్జీ, గుర్రపు దళం ఛార్జీ ఎదురెదురుగా నిలిచిన రోజు ఒకటుంది. క్రిమియా యుద్ధంలో, 1854 అక్టోబర్ 25న, బాలక్లావా వద్ద. కొండమీద ఉన్న బ్రిటిష్ సేనాని రాగ్లన్ ప్రభువుకు, తాము పోగొట్టుకున్న ఫిరంగులను రష్యన్లు తరలించుకుపోతున్నట్లు కనిపించింది. వాటిని ఆపమని ఆజ్ఞ పంపాడు. కింద లోయలో ఉన్న లూకన్ ప్రభువుకు ఆ ఫిరంగులు కనిపించవు. ఏ ఫిరంగులని అడిగితే ఆజ్ఞ తెచ్చిన కెప్టెన్ నోలన్ చెయ్యి విసిరి చూపాడు. ఆ చెయ్యి లోయ చివర మోహరించిన రష్యన్ బ్యాటరీ వైపు ఉన్నట్లు అర్థం చేసుకున్నారు. సుమారు 670 మంది గుర్రపు సిపాయిలు మూడు వైపుల ఫిరంగుల నడుమ నుంచి దూసుకుపోయారు. దాదాపు 110 మంది చచ్చిపోయారు, ఇంకా ఎందరో గాయపడ్డారు. మొదట పడినవారిలో నోలన్ ఒకడు. విచిత్రమేమంటే ఆ ఆజ్ఞాపత్రంలో ఛార్జి అన్న మాటే లేదు. ముందుకు పొమ్మని మాత్రమే ఉంది. ‘ఛార్జి’ అన్నది ఆ డిసెంబరులోనే వచ్చిన టెన్నిసన్ పద్యం పేరుతో లోకానికి అంటుకుంది. మన తరంవారిలో చాలామంది దానిని బడిలో వల్లించినవారే. రష్యన్ పుస్తకాలలో ఇది ‘అతాకా’, అంటే మామూలు దాడి. గుర్రాల దాడికి ప్రత్యేకించి వేరే మాట వారికి అవసరమనిపించలేదు. వారి ఫిరంగిలో ఉన్నది జర్యాద్, తమ మీదికి వచ్చినది అతాకా. రెండూ ఛార్జేనని అనుకోవడం ఇంగ్లీషువాడికే చెల్లింది.

మన లాఠీఛార్జి ఈ అతాకా నుంచి పుట్టిన భారతీయ సంతానం. 1928 అక్టోబర్ 30న లాహోర్‌లో సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా నడిచిన లాలా లజపతిరాయ్ గారి మీద పడినది అదే. నవంబర్ 17న ఆయన కన్నుమూశారు. నా దుబాసీ మిత్రుడు దీనికి రష్యన్ మాట దొరకక, కర్రలతో గుంపును చెదరగొట్టడం అని వివరించి వ్రాశాడు.

ఇక మనకు నిద్రపట్టనీయని అర్థం, అభియోగం. రష్యన్‌లో ‘అబ్వినేనియె’. దాని లోపల ‘వినా’ అన్న మాట ఉంది, అంటే దోషం. ఇంగ్లీషు మాటలో దోషం లేదు, మీద పెట్టిన బరువు మాత్రమే ఉంది. బరువును విచారణలో దించుకోవచ్చు. వారన్ హేస్టింగ్స్ మీద 1786లో బర్క్ ప్రభృతులు తెచ్చిన ‘ఆర్టికల్స్ ఆఫ్ ఛార్జ్’ మీద 1788లో విచారణ మొదలై 1795 దాకా సాగింది. చివరకు ఆయన నిర్దోషిగా బయటపడ్డాడు, కాని కోర్టు ఖర్చులకు ఆస్తి కరిగిపోయింది. ఛార్జిమెమో అందుకున్నవాణ్ణి తోటి సిబ్బంది ఆ రోజు నుంచే నేరస్థుడిగా చూడడం నేను చూశాను. మెమోలో ఉన్నది ఛార్జి, వారు చదువుకున్నది అబ్వినేనియె. మన రాజ్యాంగం 311వ అధికరణం ప్రభుత్వోద్యోగికి తన మీది ఛార్జీలు ఏమిటో తెలిపి, సమాధానం చెప్పుకునే అవకాశం ఇచ్చి విచారణ జరపనిదే ఉద్యోగం తీసేయరాదన్నది. సెలవుల్లోనో బదిలీల్లోనో చిక్కుకుని ఆ విచారణ ఏళ్ళ తరబడి సాగితే, పదవీ విరమణ నాటికీ బరువు దిగనివారు మనలో ఉన్నారు. వారికి ఈ తేడా వట్టి భాషా శాస్త్రం కాదు.

బాధ్యత అన్న అర్థంలో రష్యన్ ఎదురు తిరుగుతుంది. ఛార్జి అప్పగించడాన్ని ‘స్దాత్ దెలా’ అంటారు. ‘ద్యేలా’ అంటే పని, వ్యవహారం, కోర్టు కేసు, ఆఫీసు ఫైలు, అన్నీ అదే. ఇక్కడ ఒక్క రష్యన్ మాటకు ఇంగ్లీషులో నాలుగు వెతకాలి. రాయబారి లేనప్పుడు రాయబార కార్యాలయం చూసే అధికారి ఫ్రెంచి బిరుదు ‘షార్జే దఫేర్’. రష్యన్లు దానిని ‘పవేరెన్నీ వ్ దెలాఖ్’, అంటే వ్యవహారాలు అప్పగించబడినవాడు అన్నారు. మన ప్రభుత్వ కార్యాలయాలలోని ఎఫ్.ఏ.సి. ఏర్పాటు లాంటిదే అనుకోండి. ఎఫ్.ఏ.సి. అంటే పూర్తి అదనపు ఛార్జి. దాని భత్యం సంగతి ఫండమెంటల్ రూల్ 49లో ఉంటుందని వేరే చెప్పనక్కరలేదు. ఎందరు ఆ రూల్ చదివి నిట్టూర్చారో!

పెన్షనర్లమైన మనం తెలుసుకోవలసిన ఛార్జి ఇంకొకటి ఉంది. రాజ్యాంగం 112వ అధికరణం ప్రకారం కొన్ని ఖర్చులు సంచిత నిధి మీద ‘ఛార్జి’ చేయబడతాయి. వాటిని పార్లమెంటు చర్చించవచ్చు గాని ఓటుకు పెట్టరాదు. సుప్రీంకోర్టు న్యాయమూర్తుల జీతాలు, పెన్షన్లు, హైకోర్టు న్యాయమూర్తుల పెన్షన్లు ఆ కోవలోవి. సాధారణ ప్రభుత్వోద్యోగి పెన్షను సభ ఓటు వేసి మంజూరు చేసే పద్దు. ఇక్కడ మాట తన పాత అర్థానికే వచ్చింది: ఆ నిధి ఆ బరువు మోయక తప్పదు. 1882 ఆస్తి బదలాయింపు చట్టం నూరవ సెక్షనులోని ఛార్జి కూడా ఇదే జాతి. స్థలం కొనేముందు ఈసీ తీయించేది అటువంటి బరువులు ఉన్నాయేమోనని కదా. రష్యన్‌లో దీనిని ‘అబ్రెమెనేనియె’ అంటారు. అందులో ‘బ్రేమ్య’ అంటే బరువు. ఇన్ని రష్యన్ మాటలలో బరువును బరువుగా పిలిచిన మాట ఇదొకటి.

డబ్బు విషయం చిన్నది. రుసుము ‘ప్లాతా’, ఉచితం ‘బెస్‌ప్లాత్న’.

దుబాసీ కుర్రవాడు ఆ కాగితంలో అట్టడుగున వ్రాసినది మాత్రం అన్నిటికంటె తమాషా అయినది. ఛార్జి అన్న మాట అచ్చంగా, ఫ్రెంచి వేషంలో, రష్యన్‌లోకి వెళ్ళింది. అక్కడ ‘షార్జ్’ అంటే వ్యంగ్య చిత్రం. ఒక మనిషి ముక్కునో గడ్డాన్నో కాస్త బరువెక్కించి గీయడం. ఇటాలియన్‌లో ‘బరువెక్కించడం’ నుంచే మన కేరికేచర్ కూడా వచ్చింది. నొప్పించకుండా గీస్తే దానిని ‘ద్రుజెస్కీ షార్జ్’ అంటారు, అంటే స్నేహపూర్వకమైన షార్జ్. సోవియట్ పత్రికలలో రచయితలకు, నటులకు అటువంటివి తరచు వేసేవారు. అతను ఆ మాట పక్కనే పెన్సిలుతో కళ్ళజోడు, బట్టతల, దానికింద ఫైళ్ళ కట్ట ఒకటి గీశాడు. ఆ కట్ట మీద ‘ద్యేలా’ అని వ్రాసి కాగితం నాకిచ్చాడు.