పెరటి వైపు చూడని పట్నం

అతిథులు వచ్చే దారులకు రంగులు వేయడం విశాఖకు బాగా తెలుసు. ఆ రంగులూ దీపాలూ చెట్లూ లారీల మరమ్మతు షెడ్లుండే ఆటోనగర్ సందుల దాకా వెళ్లలేదు. అక్కడి గోడలకూ ఇనుముకూ ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలిస్తే ఏం చేయాలో కూడా తెలుస్తుంది.

విశాఖ రేవు కట్టే రోజుల్లో రెండు పాత ఓడల కడుపులో రాళ్లు నింపి, హార్బరు ముఖద్వారం దగ్గర సముద్రంలో ముంచేశారు. అలల పోటును ఆపడానికి, ఒడ్డు వెంట కొట్టుకొచ్చే ఇసుకను నిలువరించడానికి అవే అడ్డుకట్ట అయ్యాయి. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే నౌక ఆ రేవులోకి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. ఈ పట్నం తుక్కు ఇనుముతో పని చేయించుకోవడం అప్పుడే మొదలుపెట్టింది.

ఆ అలవాటు తర్వాత కూడా పోలేదు. ముప్పై ఒక్క ఏళ్లు నౌకాదళంలో పనిచేసి 2001లో విరమించిన కురుసుర జలాంతర్గామిని ఇసుకలోకి లాక్కొచ్చి 2002లో ప్రదర్శనశాల చేశారు. 2017 డిసెంబరులో టీయూ-142 యుద్ధవిమానం దానికి ఎదురుగా వచ్చి కూర్చుంది. పనైపోయిన యంత్రాన్ని వీధిలో నిలబెట్టి జనానికి చూపించడంలో విశాఖను మించిన తెలుగు పట్నం లేదు. అయితే ఈ ముచ్చటంతా బీచ్ రోడ్డులోనే జరిగింది.

2016 ఫిబ్రవరిలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష జరిగింది. 2023 మార్చి 28, 29 తేదీల్లో జీ-20 ప్రతినిధులు వచ్చారు. వాళ్లు మాట్లాడుకోవడానికి వచ్చింది రేపటి నగరాల గురించే. అలాంటి ప్రతిసారీ గోడలకు బొమ్మలు, స్తంభాలకు దీపాలు, డివైడర్లకు పూలమొక్కలు వచ్చాయి. 2016 జనవరిలో ప్రకటించిన తొలి ఇరవై స్మార్ట్ సిటీల జాబితాలో విశాఖ ఉంది. ఆ పథకం కింద ప్రత్యేకంగా తీర్చిదిద్దడానికి ఎంచుకున్నది కూడా బీచ్‌ను ఆనుకున్న ప్రాంతమే. వాకిట్లో కళ్లాపి చల్లి ముగ్గు పెట్టి, పెరటి తలుపు మూసేసిన ఇల్లులా ఉంది మన వ్యవహారం. ఆ పెరడు పేరు ఆటోనగర్.

గాజువాక దాకా వచ్చిన ఇనుము

1941 జూన్ 21న సింధియా కంపెనీ నౌకానిర్మాణ కేంద్రానికి రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. అక్కడ తయారైన ‘జల ఉష’ను 1948 మార్చిలో నెహ్రూ నీళ్లలోకి వదిలారు. 1957లో కాల్టెక్స్ చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది. 1960ల్లో భారీ ప్లేట్లు, పాత్రలు చేసే బీహెచ్‌పీవీ, కోరమాండల్ ఎరువుల ఫ్యాక్టరీ, 1970ల్లో జింకు కర్మాగారం వచ్చాయి. ఇలా ఒకదాని వెనక ఒకటిగా పరిశ్రమలు రేవు నుంచి గాజువాక వైపు జరుగుతూ పోయాయి.

1966లో విశాఖలో ఉక్కు కర్మాగారం కోసం ఉద్యమం రగిలింది. టి.అమృతరావు నిరాహారదీక్ష, కాల్పులు, రాష్ట్రమంతటా 32 మంది బలిదానం ఈ తరానికి చెప్పుకోవాల్సిన కథ. ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం అప్పుడు ఊరూరా వినబడింది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ పునాదిరాయి వేసినా, తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ‘గోదావరి’ వెలగడానికి 1990 దాకా ఆగాల్సి వచ్చింది. 1992 ఆగస్టు 1న పి.వి.నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. 2021 జనవరిలో ప్రైవేటీకరణ నిర్ణయం వచ్చాక అదే నినాదం మళ్లీ గాజువాక, కూర్మన్నపాలెం గోడలెక్కింది. ఈ ప్రాంతపు గోడచిత్రాల చరిత్ర రాస్తే మొదటి పుట ఆ నినాదానిదే.

రేవులో దిగిన సరుకు, కొలిమిలో కాగిన ఉక్కు కదలాలంటే లారీ కావాలి. లారీ కదలాలంటే మెకానిక్ కావాలి. పట్నం నడిబొడ్డు సందుల్లో షెడ్లు పెరిగితే మనుషులకు దారి ఉండదు. అందుకే వాటన్నిటినీ ఊరి అంచుకు చేర్చే ఆటోనగర్ ఆలోచన పుట్టింది. 1966లో విజయవాడలో మొదలైన జవహర్ ఆటోనగర్ దానికి పేరుమోసిన నమూనా. విశాఖలో ఆ పాత్ర గాజువాక పక్కనున్న ఆటోనగర్‌ది. అయితే ఊరి అంచు ఎప్పుడూ అంచుగా ఉండిపోదు. 2005లో గాజువాక పురపాలక సంఘం మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసిపోయింది. ఒకప్పుడు ఊరి బయటకు పంపిన సందులు ఇప్పుడు ఊరి నడుమన ఉన్నాయి.

ఇక్కడి చిత్రకారులు

గోడలకు బొమ్మలు వేద్దామనగానే బయటి నుంచి చిత్రకారుల్ని పిలవాలనుకుంటాం. ఆటోనగర్‌లో అసలు చిత్రకారులు ముందే ఉన్నారు. బాడీ బిల్డింగ్ షెడ్డులో కొత్త లారీకి చెక్క, రేకు పని అయ్యాక చివర్న బండి రంగుల మేస్త్రి చేతికి వస్తుంది. వెనక డాలా మీద తామరపూలు, ఆవూ దూడా, కొండల నడుమ సూర్యుడు, ‘హారన్ ప్లీజ్’ అక్షరాలు, నుదుటి మీద యజమాని ఇలవేల్పు పేరు అన్నీ అతని కుంచె పనే. గీసిన బొమ్మ వేల కిలోమీటర్లు తిరుగుతుంది. గీసినవాడి పేరు మాత్రం ఎవరికీ తెలియదు.

ఆ కుంచె పనిని స్టిక్కర్ కొంత మింగింది. దుకాణాల బోర్డులు రాసే పనిని ఫ్లెక్సీ దాదాపు పూర్తిగా మింగేసింది. 2022 ఆగస్టు 26న ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధిస్తున్నామని అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి ప్రకటించింది విశాఖలోనే. బట్ట బ్యానర్లూ చేతిరాత బోర్డులూ తిరిగొస్తాయని ఆశ పుట్టింది. ఫ్లెక్సీ మాత్రం మన కూడళ్లను వదల్లేదు. ఒక సందులోని షెడ్లన్నిటికీ చేతిరాత బోర్డులు రాయించే పని ఈ మేస్త్రులకు అప్పగిస్తే అదే మొదటి ప్రజాకళ అవుతుంది. గాలికి చిరగదు, దారి తెలుస్తుంది, కుంచె పట్టిన చేతికి కూలీ దొరుకుతుంది.

మన ప్రభుత్వ గోడల మీద తరచూ కనిపించేది గిరిజన నృత్యం బొమ్మే. ఉత్తరాంధ్ర కొండల్లో సవరలు ఎర్రమట్టి అలికిన ఇంటి గోడపై బియ్యప్పిండితో గీసే చిత్రానికి పూజతో సంబంధం ఉంది, పితరులతో సంబంధం ఉంది. దాన్ని అలంకారంగా దించి ఫ్లైఓవర్ స్తంభానికి అతికించడం తేలిక. ఆటోనగర్ గోడకు ఆటోనగర్ కథే కావాలి. ఇంజిన్ విప్పితే లోపల ఏముంటుందో, గేరు పెట్టె ఎలా తిరుగుతుందో ఒక గోడంత బొమ్మ గీస్తే పని నేర్చుకునే కుర్రాడికి అదే పాఠం.

పాత ఇనుముకు రూపం ఇవ్వడం కూడా తెలుగువాళ్లకు కొత్తకాదు. తెనాలి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర గేరు చక్రాలు, బైకు చెయిన్లు, నట్లు, బోల్టులతో విగ్రహాలు చేస్తారు. 2021లో వాళ్లు తుక్కుతో చేసిన 14 అడుగుల ప్రధాని మోదీ విగ్రహం దేశమంతా వార్త అయింది. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో లలితకళలు బోధించే పడకండ్ల శ్రీనివాస్ వాహనాల తుక్కును ఏరి తెచ్చి శిల్పాలు చేశారు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం లలితకళల విభాగం ఉంది. వెల్డింగ్ తెలిసిన వందల చేతులు ఆటోనగర్‌లో ఉన్నాయి. ఈ రెండూ ఒక షెడ్డులో కలిస్తే ముడిసరుకు కోసం ఊరు దాటనక్కర్లేదు.

దీపం ఎక్కడ పెట్టాలి?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను చీకట్లోకి నెట్టింది. కొత్తగా దీపాలు పెట్టాల్సి వచ్చినప్పుడు నగరం పాత సోడియం దీపాలకు బదులు ఎల్ఈడీలను ఎంచుకుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ దాదాపు 90 వేల వీధిదీపాలను మార్చింది. దేశంలో ఇంత పెద్ద ఎత్తున ఆ పని చేసిన తొలి నగరాల్లో విశాఖ ఒకటి. కరెంటు బిల్లు బాగా తగ్గింది.

అయితే స్తంభం మీది దీపం రోడ్డు కోసం పెట్టింది. ఆటోనగర్ సందులో రెండు వైపులా లారీలు నిలబడితే వెలుగు లారీ నెత్తిన పడుతుంది, నడిచే మనిషి కాళ్ల దగ్గర నీడే మిగులుతుంది. మరమ్మతు జరిగేది చాలావరకు బండి కింద. అందుకే ఇక్కడ కావాల్సింది ఇంకో ఎత్తయిన స్తంభం కాదు, షెడ్డు గోడకు మనిషి ఎత్తుకు కాస్త పైన బిగించిన దీపం. రాత్రి షిఫ్టు ముగించి షేరు ఆటో ఎక్కడానికి నడిచే ఆడవాళ్లకు రంగురంగుల సీరియల్ బల్బులకంటే ఈ దీపమే మేలు చేస్తుంది.

ఏ చెట్టు నిలుస్తుంది?

విశాఖ కొండల నడుమ గిన్నెలాంటి చోట ఉంది. పొగ, బొగ్గు ధూళి త్వరగా చెదిరిపోవు. పాతబస్తీ వన్‌టౌన్ వాసులు రేవు ధూళి గురించి దశాబ్దాలుగా మొత్తుకుంటున్నారు. ఉక్కు కర్మాగారం తన ఆవరణలో లక్షల చెట్లు నాటి పచ్చని పట్టీ పెంచింది. ఆ పచ్చదనం ప్రహరీ గోడ దాటి సందుల్లోకి రాలేదు.

హుద్‌హుద్ నేర్పిన పాఠం ఒకటుంది. త్వరగా పెరుగుతాయని, పూలు బాగుంటాయని నాటినవి చాలావరకు కూలిపోయాయి. ఆటోనగర్ నేలకు మరో చిక్కు ఉంది. ఇంజిన్ ఆయిల్ ఇంకిన మట్టిలో వేరు బతకదు, లారీ తిరిగే మలుపులో చిన్న మొక్క నిలవదు. మూలల్లో లోతుగా మట్టి మార్చి, చుట్టూ పాత కమాన్ పట్టీలతోనే కంచె వెల్డింగ్ చేసి, వేప, కానుగ, పొగడ లాంటివి వేయాలి. చెట్టుకు చోటు లేని సందులో గోడ మీదికి రాధామనోహరం, కాగితంపూల తీగ పాకించవచ్చు. పాత టైర్లలో మొక్కలు పెట్టడం అందంగానే ఉంటుంది కానీ, అడుగున రంధ్రం చేయకపోతే వాననీరు నిలిచి డెంగీ దోమలకు ఇల్లవుతుంది.

మక్తా నుంచి మెల్‌బోర్న్ దాకా

2016 నవంబరులో హైదరాబాద్ రాజ్‌భవన్ దగ్గరి ఎం.ఎస్.మక్తా బస్తీలో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ ఇళ్ల గోడలకు భారీ చిత్రాలు వేయించింది. ఢిల్లీ లోధీ కాలనీ తర్వాత దేశంలో వచ్చిన బహిరంగ చిత్రశాలల్లో అదొకటి. పక్క వీధివాళ్లకు కూడా తెలియని బస్తీని చూడటానికి జనం వచ్చారు. మన ఎండకు, వానకు గోడ మీది రంగు కొన్నేళ్లే ఆగుతుంది. మళ్లీ వేయడానికి డబ్బు ఎవరివ్వాలో మొదటే రాసుకోకపోతే వెలిసిన బొమ్మ ఉత్త గోడకంటే బెంగగా కనిపిస్తుంది.

మెల్‌బోర్న్‌లో 1837 నాటి నగర పటంలోని వీధుల వెనుక గుర్రపు బండ్ల కోసం, పాకీపని కోసం వాడిన సందులు ఒకప్పుడు చెత్తకుప్పలు. 1992లో నగరం నడిబొడ్డున మళ్లీ జనంతో కాపురం పెట్టించే పథకం, 1994లో డెన్మార్క్ వాస్తుశిల్పి యాన్ గేల్ చేసిన అధ్యయనం, తర్వాత బొమ్మలు, దీపాలు, తీగలు వాటిని లోకప్రసిద్ధం చేశాయి. అక్కడ సందు బాగుపడింది కాఫీ హోటళ్ల కోసం. ఆటోనగర్ ఆ దారి పడితే అద్దె పెరిగి, వెల్డింగ్ షెడ్డు పోయి, దాని చోట షోరూమ్ వస్తుంది. అప్పుడు మెకానిక్‌ను మళ్లీ ఏ ఊరి అంచుకు పంపుతాం?

అందుకే ఆటోనగర్‌కు మూడు షరతులు తప్పనిసరి. ఒకటి, ఏ గోడకు ఏం కావాలో ఆ సందులోని షెడ్ల సంఘమే చెప్పాలి. రెండు, పని, కూలీ ముందుగా అక్కడి పెయింటర్లకు, వెల్డర్లకు దక్కాలి. మూడు, దీపం ఆరినా, మొక్క ఎండినా, రంగు వెలిసినా బాగుచేయించే బాధ్యత నగరపాలక సంస్థ బడ్జెట్‌లో ఏటా కనిపించాలి. ముందు ఒక్క బ్లాకులో ఒక్క సందుతో మొదలుపెడితే చాలు. మహా విశాఖ నగరపాలక సంస్థ, రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏపీఐఐసీ కలిసి కూర్చుంటే దీనికి పెద్ద ఖర్చు కూడా కాదు. పట్నాన్ని నడిపించే చేతులున్న వీధిని బాగుచేయడానికి విదేశీ అతిథులు వచ్చేదాకా ఆగక్కర్లేదు.