సున్నపు చుక్కల గుట్టు

క్లోమంలో పుట్టే లైపేజ్ అనే ఎంజైము పేగులోకి చేరాక కొవ్వును అరిగించాలి. క్లోమం వాచి దెబ్బతిన్నప్పుడు ఆ ఎంజైము దారి తప్పి, పక్కనున్న సొంత కొవ్వునే అరిగిస్తుంది. కడుపు కోసి చూసే సర్జన్‌కు పేగుల మీద దుప్పటిలా పరుచుకున్న కొవ్వు పొరలో, తమలపాకు మీద సున్నం చుక్కలు పెట్టినట్టు తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. ఈ పోలికలో నిజముంది. విడిపోయిన కొవ్వు ఆమ్లాలు కాల్షియంతో కలిసి అక్కడికక్కడే సబ్బుగా మారతాయి. జబ్బు ముదిరినవారి రక్తంలో కాల్షియం పడిపోవడానికి ఇదీ ఒక కారణం.

ఈ మచ్చలను 1882లో జర్మన్ వైద్యుడు బాల్సర్ వర్ణించాడు. రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని ప్రకటించిందీ ఆ ఏడాదే. 1890లో రాబర్ట్ లాంగర్‌హాన్స్ ఆ మచ్చల్లోని సబ్బును గుర్తించాడు. క్లోమం తనను తానే జీర్ణం చేసుకుంటుందని 1896లో కియారీ చెప్పాడు. మరుసటి ఏడాది ఫ్లెక్స్‌నర్ ఆ మచ్చల్లోనే కొవ్వును విడగొట్టే ఎంజైమును పట్టుకున్నాడు.

కంటికి మాత్రం ఈ మచ్చలు క్షయ గింజల్లాగానో, పాకిన కేన్సర్‌లాగానో ఉంటాయి. క్షయలా కనబడేదంతా క్షయ కాదన్న పాఠం మదనపల్లెకు బాగా తెలిసిందే. అక్కడి ఆరోగ్యవరంలో 1915లో మొదలైన క్షయ శానిటోరియంలో పనిచేసిన డేనిష్ వైద్యుడు ఫ్రిమోట్ మోలర్, బార్టన్‌తో కలిసి 1940లో ఒక వ్యాసం రాశాడు. క్షయను పోలిన ఊపిరితిత్తుల జబ్బొకటి, రక్తంలో ఇసినోఫిల్ కణాలు పెరగడంతో పాటు కనిపిస్తుందన్నది దాని సారం. అక్కడ తేడా చెప్పింది రక్తకణాలు. ఈ మచ్చల విషయంలో చెప్పేది కణజాలపు ముక్క.  అందులో పెథాలజీ విద్యార్థి వెతకడం నేర్చుకునే గుర్తులు ఇవే.

ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో పొదిగి, పలచగా కోసి, హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు వేస్తారు. బతికున్న కొవ్వు కణం తెల్లగా, ఖాళీగా కనబడుతుంది. అంచున చిన్న కేంద్రకం నొక్కుకుని ఉంటుంది. చచ్చిన కణానికి కేంద్రకం ఉండదు, గోడ నీడలా మిగులుతుంది. అందుకే వీటిని దెయ్యపు కణాలంటారు. వాటి లోపల, అంచున నీలి ఊదా రంగులో సన్నటి రవ్వలు కనిపిస్తే అది కాల్షియం సబ్బు. అనుమానముంటే వాన్ కోసా రంగు వేస్తే ఆ చోటు నల్లబడుతుంది. చుట్టూ న్యూట్రోఫిల్స్ మూగి ఉంటాయి. రోజులు గడిచేకొద్దీ కొవ్వు మింగిన మాక్రోఫేజ్‌లు వస్తాయి.

క్షయలో ఈ నీడలు మిగలవు. కణాల ఆకారమే చెరిగిపోయి గులాబీ రంగు పొడిలా అవుతుంది. చుట్టూ ఎపిథీలియాయిడ్ కణాలు, థియోడర్ లాంగ్‌హాన్స్ పేరున్న పెద్ద కణాలు ఉంటాయి. లాంగర్‌హాన్స్, లాంగ్‌హాన్స్ వేరువేరు మనుషులు. ఈ పేర్ల దగ్గర తడబడని విద్యార్థి అరుదు. కేన్సరైతే వింత ఆకారపు కేంద్రకాలున్న కణాలు కనబడతాయి. రొమ్ముకు దెబ్బ తగిలి చచ్చిన కొవ్వులో నూనె గుంటలు, నురగ కణాలు ఎక్కువ.

అరుదుగా ఈ దెయ్యపు కణాలు కడుపులో కాక, కాలి పిక్క మీద లేచిన ఎర్రటి గడ్డలో దొరుకుతాయి. కడుపునొప్పి మొదలుకాకముందే చర్మపు ముక్కలో వాటిని చూసిన పెథాలజిస్టు, రోగి రక్తంలో లైపేజ్, అమైలేజ్ చూడమని, క్లోమాన్ని స్కాన్ చేయించమని వైద్యుడికి వెంటనే కబురు పెడతాడు.