సత్యం కూలినా పని ఎందుకు ఆగలేదు?

బీసీపీ, అంటే బిజినెస్ కంటిన్యుటీ ప్లాన్. ఐటీ వాళ్లందరికీ తెలిసిన మాటే. నేను జాబ్ చేసేటప్పుడు మాకూ డ్రిల్స్ ఉండేవి. వరదొస్తే ఏం చెయ్యాలి, కరెంట్ పోతే ఏం చెయ్యాలి, సర్వర్ పడిపోతే ఏం చెయ్యాలి అని. కానీ "మన ఛైర్మనే లెక్కలన్నీ దొంగవని లెటర్ రాస్తే ఏం చెయ్యాలి?" అనే పేజీ మాత్రం ఎక్కడా చూడలేదు. హైదరాబాద్‌లో సరిగ్గా అదే జరిగింది.

2009 జనవరి 7, బుధవారం. సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు లెటర్ బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపించిన క్యాష్‌లో 5,040 కోట్లు అసలు లేనే లేవు. 179 రూపాయల దగ్గరున్న షేరు సాయంత్రానికి 40 దగ్గరికి పడిపోయింది. కంపెనీలో సుమారు 50 వేల మంది ఉద్యోగులు. నెలాఖరుకి జీతాలు రావాలి.

మామూలుగా అయితే అక్కడితో కథ అయిపోవాలి. ఎందుకు అవ్వలేదు?

మొదటిది, స్పీడ్. నాలుగు రోజుల్లో, జనవరి 11 కల్లా, కేంద్రం పాత బోర్డుని తీసేసి కొత్తవాళ్లని వేసింది. కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్, అచ్యుతన్. తర్వాత ఇంకో ముగ్గురు. డబ్బు కన్నా ముందు కావల్సింది, క్లయింట్ ఫోన్ చేస్తే నమ్మకంగా జవాబు చెప్పే మనిషి.

రెండోది, చేతిలో క్యాష్. ప్రభుత్వం ఖజానా నుంచి డబ్బు ఇవ్వలేదు. క్లయింట్ల నుంచి రావాల్సిన బిల్లులు వసూలు చేశారు, బ్యాంకుల దగ్గర 600 కోట్ల అప్పు తెచ్చారు. జీతాలు ఆగలేదు.

మూడోది, అన్నిటికన్నా పెద్దది, మనుషులు. సర్వీస్ కంపెనీకి గోడౌన్‌లో సరుకుండదు. క్లయింట్ సిస్టమ్ ఎలా నడుస్తుందో ఆ ఇంజనీర్ల బుర్రల్లోనే ఉంటుంది. వెండర్‌ని మార్చడం అంటే నెలల పని. కొందరు క్లయింట్లు వెళ్లిపోయారు గానీ, ఎక్కువమంది ఆగారు. ఎందుకంటే గురువారం పొద్దున కూడా అవే టీమ్‌లు లాగిన్ అయ్యాయి. లెక్కలు దొంగవి, పని మాత్రం నిజం!

ఏప్రిల్ 13న షేరుకి 58 రూపాయల చొప్పున బిడ్ వేసి టెక్ మహీంద్రా గెలిచింది. 2010 సౌతాఫ్రికా ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కి ఐటీ సర్వీసులిచ్చింది ఈ కంపెనీయే, మహీంద్రా సత్యం పేరుతో. 2013లో టెక్ మహీంద్రాలో కలిసిపోయింది.

అయితే ఒక మాట దాచకూడదు. కంపెనీ బతికింది కదా అని అందరూ బాగుపడలేదు. 2009లోనే వేలమందిని "వర్చువల్ పూల్" అని పక్కనబెట్టి, జీతం తగ్గించి ఇంటి దగ్గర కూర్చోబెట్టారు. కంపెనీని నిలబెట్టింది ఉద్యోగులే, ఖరీదు కట్టిందీ వాళ్లలోనే చాలామంది.

మీ ఇంట్లోనో, మీ పక్కింట్లోనో అప్పట్లో సత్యంలో చేసినవాళ్లు ఉంటే, ఆ వారం ఎలా గడిచిందో ఒకసారి అడగండి. ఏ బీసీపీ ఫైల్‌లోనూ లేనిది వాళ్లు చెప్తారు. మళ్లీ ఎపిసోడ్‌లో కలుద్దాం.