వందనాలు ఎవరికి?

చర్చి మెట్ల దగ్గర చెప్పులు విడుస్తూ తెలుగు క్రైస్తవులు ఒకరికొకరు చెప్పుకునే మాట ‘వందనాలండీ’. కాసేపటికి లోపల, చాప మీద మోకరించిన పెద్దాయన కళ్లు మూసుకుని అదే మాట అంటాడు: ‘ఈ ఉదయం మమ్మల్ని లేపినందుకు నీకు వందనాలు తండ్రీ.’ గుమ్మం బయట మనిషికి, గుమ్మం లోపల దేవుడికి. రెంటికీ మధ్య పదిహేను అడుగుల దూరం. మాట మాత్రం ఒక్కటే.

ఈ మాటకు చర్చి బయట కూడా చాలా పనులున్నాయి. ఆగస్టు 15న బడిలో జెండా వందనం. మంత్రిగారు దిగితే పోలీసుల గౌరవ వందనం. పెద్దలకు రాసే ఉత్తరంలో పాదాభివందనం. సభ ముగిశాక, జనం కుర్చీలు జరుపుకుని లేచిపోతుంటే, ఎవరూ వినరని తెలిసి కూడా కార్యదర్శి చదివే వందన సమర్పణ. పలకరింపు, గౌరవం, కృతజ్ఞత, పూజ ఇన్నింటినీ ఒకే మాటతో నడిపించేస్తాం. ఎక్కడా అయోమయం రాదు.

ఇది మన అజాగ్రత్త వల్ల జరిగింది కాదు. మూలంలోనే ఉంది. ధాతుపాఠంలో ఈ ధాతువు రూపం ‘వది’; నకారం చేరి ‘వంద్’ అవుతుంది. దానికి వ్యాకర్తలు చెప్పిన అర్థాలు రెండే: అభివాదనం, స్తుతి. అభివాదనమంటే పెద్దల ముందు వంగి, ఫలానావాణ్నని పేరు చెప్పుకుని నమస్కరించడం. స్తుతి సంగతి సరేసరి. రాజుల్ని పొగిడే వందిమాగధుల్లోని ‘వంది’ ఆ స్తుతి వైపు నుంచి వచ్చినవాడే. భాగవతంలో ప్రహ్లాదుడు చెప్పిన తొమ్మిది భక్తి మార్గాల్లో వందనం ఆరోది. అక్కడ అది పూర్తిగా దేవుడి సొత్తు. అయితే త్యాగరాజు శ్రీరాగంలో కట్టిన పంచరత్న కీర్తన పల్లవిలో ఇదే మాటను మహానుభావులందరికీ పంచిపెట్టాడు. అంత రామభక్తుడు మనుషులకు వందనాలు పెట్టాడని ఎవరూ ఆక్షేపించలేదు. ఆ మాట రెండు వైపులా నడుస్తుందని వినేవాళ్లకు తెలుసు.

తెలుగు బైబిల్లో దీని వాడకం చూడదగ్గది. రోమీయులకు రాసిన పత్రిక చివరి అధ్యాయంలో పౌలు పేరుపేరునా పలకరిస్తూ పోతాడు. ప్రిస్కిల్ల, అకుల మొదలుకొని రెండు డజన్ల పైచిలుకు పేర్లు. కాపురాలు, బానిసలు, ఒకాయన తల్లి. ప్రతి పలకరింపునూ అనువాదకులు ‘వందనములు’ అనే రాశారు. మరియ వెళ్లి ఎలీసబెతును పలకరించినా వందనమే. దేవుడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎక్కువగా వేరే క్రియలు వస్తాయి: ఆరాధించు, మ్రొక్కు, సాగిలపడు, పూజించు. అంటే పుస్తకంలో అనువాదకులు ఈ మాటను చాలావరకు మనుషుల వైపే నిలబెట్టారు. దాన్ని మళ్లీ దేవుడి దాకా తీసుకెళ్లింది చదువురాని విశ్వాసుల నోటి ప్రార్థన. నాకు ఆ ప్రార్థనే సరైన వ్యాకరణంలా కనిపిస్తుంది.

ఇంకో సంగతి ఉంది, అది నిఘంటువుల్లో దొరకదు. పల్లెల్లో పలకరింపుకు కులముండేది. పైవాడికి కిందివాడు ‘దండాలు దొరా’ అనాలి, తెలంగాణలో అయితే ‘నీ బాంచన్, కాల్మొక్తా’ అనాలి. పైవాడు తిరిగి ఏమీ అనక్కర్లేదు, తల ఊపితే ఎక్కువ. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరవు కాలం అది. వాళ్లలో అత్యధికులు మాదిగలు. అలాంటివాళ్ల మనవలూ మునిమనవలూ ఇవాళ చర్చిలో ‘వందనాలు’ అంటే ఎదుటివాడు ‘వందనాలు’ అనే తీరాలి. ఈ పలకరింపుకు వేరే జవాబు లేదు. అయ్యగారైనా, కూలికెళ్లే అక్కైనా అదే మాట అప్పజెప్పాలి. దొర దగ్గర ఒకవైపే నడిచిన దండం ఇక్కడ రెండు వైపులా నడిచింది.

ఈ మధ్య పట్టణాల్లో ఆ స్థానంలోకి ‘ప్రైజ్ ద లార్డ్ బ్రదర్’ వచ్చింది. తప్పు పట్టను గానీ, అందులో స్తుతి మిగిలింది, అభివాదనం జారిపోయింది. ఎదురుగా ఉన్న మనిషి చివర్లో ఒక ‘బ్రదర్’గా మిగిలాడు.

ఇలా ఒక మాట రెండుగా చీలడానికీ, చాలా సంఘాల్లో ఇప్పుడు నడుస్తున్న తగవుకూ దగ్గరి చుట్టరికం ఉంది. కొత్తగా వచ్చినవాళ్లను ఆదరించాలా, ఆరాధన మీదే మనసు పెట్టాలా? మొదటి పక్షానికి పెద్ద ఉదాహరణ అమెరికాలో షికాగో దగ్గర విల్లో క్రీక్ సంఘం. 1975లో ఒక సినిమాహాల్లో మొదలైంది. చర్చికి ఎందుకు రావడం లేదో ఇంటింటికీ తిరిగి అడిగి, జనం చెప్పిన ఇబ్బందులు తీసేస్తూ వారాంతపు కూడికల్ని తీర్చిదిద్దారు. హాల్లో సిలువ కనిపించేది కాదు. నాటికలు, బ్యాండు, మెత్తటి కుర్చీలు. విశ్వాసులకు వారం మధ్యలో వేరే ఆరాధన. వేలమంది వచ్చారు. 2007లో ఆ సంఘమే తన సభ్యుల్ని సర్వే చేయించి, కార్యక్రమాలకు వచ్చేవాళ్లు పెరిగినంత మాత్రాన భక్తి పెరగడం లేదని ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలు చూపించి రెండో పక్షం మురిసిపోయింది, ఆదరణే దండగన్నట్టు. అదీ తొందరపాటే.

మన దగ్గర ఆదరణ పేరుతో జరిగేదేమిటో దగ్గరగా చూద్దాం. ప్రకటనల సమయంలో ‘కొత్తగా వచ్చినవారు దయచేసి లేచి నిలబడండి’ అంటారు. వెనక గోడవార, తల మీద కొంగు సర్దుకుంటూ ఒకావిడ లేస్తుంది. నాలుగు వందల తలలు వెనక్కి తిరుగుతాయి. పేరు, ఊరు, ఎవరి తాలూకు అని మైకులో అడుగుతారు. చప్పట్లు. ఆవిడ వచ్చింది ఏ బాధ చెప్పుకోవడానికో. ఎవరూ చూడకుండా ఏడవాలనుకుంది కాబోలు. దేవుడి వైపు తిరిగి ఉండాల్సిన సభ మొత్తం ఆవిడ వైపు తిరిగి కూర్చుంది.

ఇక డిసెంబరులో ఎమ్మెల్యేగారి రాక. ప్రసంగం మధ్యలో గుమ్మం దగ్గర అలికిడి. వాక్యం ఆగిపోతుంది. పాస్టరుగారు వేదిక దిగి ఎదురెళతారు. శాలువా, పూలదండ, కేకు, రెండు ముక్కలు మాట్లాడమని మైకు. ముందు వరసలోని ముసలమ్మలు లేచి చోటిస్తారు. ఆయన వెళ్లాక ప్రసంగం ఎక్కడ ఆపారో ఎవరికీ గుర్తుండదు.

మూడో శతాబ్దంలో సిరియాలో పుట్టిన ‘దిదస్కాలియా’ అనే సంఘ నియమావళిలో ఈ దృశ్యం దాదాపు అలాగే ఉంది. ఒక సేవకుడు గుమ్మం దగ్గర నిలబడి వచ్చేవాళ్లను చూసుకోవాలట. పరాయి ఊరి స్త్రీ వస్తే ఏ సంఘం, పెళ్లయిందా, విధవరాలా అని అడిగి తగిన చోట కూర్చోబెట్టాలట. (మన పెద్దమ్మలు అడిగే ప్రశ్నలే, పదిహేడు వందల ఏళ్ల కిందట.) తర్వాత అసలు విషయం. లోకంలో పేరున్నవాడు వస్తే బిషప్పు వాక్యం ఆపకూడదు, కదలకూడదు; అతని సంగతి తోటివాళ్లు చూసుకుంటారు. పేదవాడో, పేదరాలో, ముఖ్యంగా వయసు మళ్లినవాళ్లు వస్తే, చోటు లేకపోతే, బిషప్పు తానే చోటు చూపాలి, తను నేల మీద కూర్చోవాల్సి వచ్చినా సరే.

ఆ నియమం రాసినవాళ్లకు ఆరాధన ఎక్కువా, అతిథి ఎక్కువా అన్న ప్రశ్నే లేదు. ఏ అతిథి కోసం ఆరాధన ఆగవచ్చు అన్నదొక్కటే ప్రశ్న. మనం సరిగ్గా తలకిందులుగా చేస్తున్నాం: శాలువా కోసం ఆపుతాం, ముసలమ్మ కోసం ఆపం.

ఆరో శతాబ్దపు బెనెడిక్ట్ మఠ నియమావళి కూడా ఈ దారిలోదే. దేవుడి ఆరాధన కంటే ఏ పనీ ముందు పెట్టొద్దని ఒక అధ్యాయం. వచ్చిన ప్రతి అతిథినీ క్రీస్తులా చేర్చుకోమని ఇంకో అధ్యాయం. రెండో దాంట్లో అతిథికి తల వంచి గానీ, నేల మీద సాగిలపడి గానీ నమస్కరించి, అతనిలోని క్రీస్తును ఆరాధించమంటాడు. పేదల్నీ యాత్రికుల్నీ ఎక్కువ శ్రద్ధగా చూడాలి, ధనికుల మర్యాదకు ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు, వాళ్లంటే ఉండే భయమే దాన్ని తెచ్చిపెడుతుంది అని కూడా అంటాడు. లాటిన్‌లో రాసినా, మన ‘వంద్’ ధాతువుకు ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నేను చూడలేదు.

మన దగ్గరా ఒక మంచి పని జరిగింది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. మెదక్, దోర్నకల్, కృష్ణా గోదావరి, రాయలసీమ అధ్యక్ష మండలాలన్నీ అందులోవే. 1950లో వాడకంలోకి వచ్చిన దాని ఆరాధన క్రమంలో, పౌలు కాలం నాటి పవిత్రమైన ముద్దు స్థానంలో, చేతుల్తో సమాధానం అందించుకునే పద్ధతి పెట్టారు. ఇచ్చేవారు కుడి అరచేతిని ఎదుటివారి కుడి అరచేతికి ఆనించి, ఇద్దరూ ఎడమ చేతుల్తో పైనుంచి మూస్తారు. బల్ల దగ్గర గురువు నుంచి మొదలై, వరస వెంట వరసగా చివరివాళ్ల దాకా చేయి నుంచి చేయికి వెళుతుంది. తర్వాత పాశ్చాత్య సంఘాలు దీన్ని చూసి నేర్చుకున్నాయి. ఇందులో కొత్తవాళ్లను లేపి నిలబెట్టడం లేదు. పక్కనున్నది కొత్తవాడైనా వరస అతన్ని దాటిపోలేదు. మనుషుల్ని పలకరించడం ఆరాధనకు విరామంగా రాదు, ఆరాధనలోనే ఒక మెట్టుగా వస్తుంది. (‘సమాధానం’ అంటే బైబిల్ తెలుగులో శాంతి. బయటివాళ్లకు అది జవాబు. మొదటిసారి వచ్చినవాడు ‘మీకు సమాధానం కలుగును గాక’ అని వింటే తానేం ప్రశ్న అడిగానా అనుకుంటాడు. అదొక చిన్న ఇబ్బంది.)

పౌలు కూడా అలాంటి ఇబ్బందినే తలుచుకున్నాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, కూడికలోకి అడుగుపెట్టిన తెలియనివాణ్ని ఊహిస్తాడు. అందరూ అర్థంకాని భాషల్లో మాట్లాడుతుంటే వీళ్లకు పిచ్చెక్కిందంటాడు. అర్థమయ్యేలా మాట్లాడితే మనసు కదిలి తానే సాగిలపడతాడు. ఆ ఊహలో స్వాగత బృందం లేదు. వచ్చినవాడికి అర్థం కావాలన్న పట్టింపు ఒక్కటే ఉంది.

ఆ పట్టింపును మన పాత కీర్తనకారులు బాగా పట్టుకున్నారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ప్రతి కీర్తన నెత్తిన రాగం, తాళం అచ్చయి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) లాంటివాళ్లు యేసు కథను భజనల్లో, హరికథల్లో తెలుగువాళ్ల చెవికి అలవాటైన నడకల్లోకి తెచ్చారు. వెనక గోడవార కూర్చున్న ఆవిడకు సిద్ధాంతం తెలియకపోవచ్చు, ఆ వరస తెలుసు. రెండో చరణానికల్లా పల్లవి అందుకోగలదు. పక్కావిడ ‘వందనాలమ్మా’ అని మెల్లగా అని పాటల పుస్తకం ఇటు జరిపితే సరిపోతుంది. పేరూ ఊరూ బయట టీ గ్లాసులు పట్టుకున్నాక అడగొచ్చు.