సన్నని చార: పిన్‌స్ట్రైపింగ్ కుంచెలూ రంగులూ నడిచిన దారి

పాత బుల్లెట్ మోటారుసైకిలు ఎక్కడైనా ఆగి ఉంటే, దాని పెట్రోలు ట్యాంకు మీది బంగారు రంగు చారను ఒకసారి దగ్గరగా చూడండి. వంపు తిరిగేచోట అది వెంట్రుకవాసి లావెక్కుతుంది, మొదలూ చివరా కలిసేచోట కొద్దిగా ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉంటుంది. అది మనిషి చేయి లాగిన గీత. చెన్నై దగ్గర తిరువొత్తియూరు కార్ఖానాతో మొదలుపెట్టి ఇద్దరు అన్నదమ్ములు ఏళ్ల తరబడి రాయల్ ఎన్‌ఫీల్డ్ ట్యాంకుల మీద ఈ చారలు లాగుతూ వచ్చారు. స్కేలు పెట్టరు, టేపు అంటించరు. కుంచె ఆనించి, ఊపిరి బిగబట్టి, ఒక్క లాగున లాగుతారు. ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో ఉన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి మన దేశంలో బుల్లెట్ తయారీకి దిగింది. రెడ్డిచ్ కార్ఖానా 1967లో మూతపడింది. చార మాత్రం చెన్నైలో మిగిలింది.

ఈ పనిని పిన్‌స్ట్రైపింగ్ అంటారు. మన పెయింటర్లు లైనింగ్ అనో, లైను కొట్టడం అనో అంటారు. దీని చరిత్ర తిరగేసినప్పుడు నాకు గట్టిగా తోచిన సంగతి ఒకటుంది. నూటయాభై ఏళ్లలో రంగు మూడుసార్లు పూర్తిగా మారిపోయింది, కుంచె దాదాపు అలాగే ఉండిపోయింది. నేర్చుకోవాలని ఉత్సాహపడేవాళ్లు దుకాణానికి వెళ్లి ముందు రంగుడబ్బాలు కొంటారు. వరస అక్కడే తప్పుతోంది.

మోటారు రాకముందు ఈ విద్య గుర్రపుబండ్లది. 19వ శతాబ్దంలో ఇంగ్లండులోనూ అమెరికాలోనూ బండి కట్టడం ఎంత పనో, దానికి రంగు వేయడం అంత పని. సీసపు తెలుపును, దీపపు మసిని అవిసె నూనెలో నూరి, పూతమీద పూత వేసి, ప్రతి పూతనూ అరగదీసి, చివర కోపల్ వార్నిష్ పట్టించేవారు. మంచి బండి ఒకటి రంగుల కొట్టంలో వారాల తరబడి ఉండిపోయేది. అంతా అయ్యాక, ఆఖరి వార్నిష్‌కు ముందు, చారలు లాగే పనివాడు వచ్చేవాడు. అతని కూలి మిగతావారికంటే ఎక్కువ.

చార ఎందుకు? చక్రాన్ని చూస్తే తెలుస్తుంది. బరువు మోయాలి కాబట్టి చక్రపు ఆకులు లావుగా చెక్కక తప్పదు. లావు ఆకు మొరటుగా కనిపిస్తుంది. దాని నడిమధ్య లేతరంగు గీత ఒకటి పడితే కన్ను గీతను పట్టుకుంటుంది, చెక్కను వదిలేస్తుంది. లావు చక్రం సన్నబడినట్టు అనిపిస్తుంది. కంటిని మళ్లించే ఈ ఉపాయం తర్వాత రైలింజన్లకు, సైకిళ్లకు, మోటారుసైకిళ్లకు పాకింది. నల్ల సైకిలు మడ్‌గార్డు మీద పసుపు గీత చూసినవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఇక కుంచె సంగతి. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ విద్య గుట్టంతా ఇందులోనే ఉంది.

బొమ్మలు గీసే కుంచెకు బిరుసు కావాలి. నొక్కి వదిలితే మళ్లీ నిలబడాలి. చార లాగే కుంచెకు ఆ గుణం పనికిరాదు. అది నేలమీద ఈడ్చిన పట్టుగుడ్డలా చేయి వెనకే రావాలి, తనంతట తాను ఎటూ ఎగరకూడదు. అంత మెత్తదనం, అంత రంగు పీల్చుకునే శక్తి ఉడుత వెంట్రుకలకు ఉంది. రష్యా ప్రాంతపు ఉడుత తోక వెంట్రుకలతో ఈ కుంచెలు కట్టడం బండ్ల కాలం నుంచీ ఉంది. దుకాణాల్లో ఒంటె వెంట్రుకల కుంచె అని అమ్మేదానిలోనూ ఒంటె వెంట్రుక ఉండదు, చాలావాటిలో ఉన్నది ఉడుతదే. రాముడు వేళ్లతో నిమిరితే ఉడుత వీపున మూడు చారలు పడ్డాయని మన పెద్దలు చెబుతారు. ఎక్కడి ఉడుతో, ఎక్కడి కథో! అయినా చార వేయించుకున్న ప్రాణి వెంట్రుకలే లోకానికి చారలు వేస్తున్నాయంటే నాకు ముచ్చటగా ఉంటుంది.

ఆకారం మరో సంగతి. ఈ కుంచె కుచ్చు గుండ్రంగా ఉండదు. రెండంగుళాల దాకా పొడుగుంటుంది, ఒకవైపు నుంచి ఏటవాలుగా సన్నబడి కొనదేలుతుంది. కత్తిలా ఉంటుంది కాబట్టి దాని పేరు స్వోర్డ్ స్ట్రైపర్. పిడి పొట్టిది, రెండు వేళ్లమధ్య ఇమిడిపోతుంది. కుచ్చు పొట్టలో రంగు నిలవ ఉంటుంది, కొన దగ్గర నాలుగు వెంట్రుకలే గీస్తుంటాయి. పొట్టలోని రంగు కొనకు నెమ్మదిగా దిగుతూ ఉండటంవల్లే మధ్యలో కుంచె ఎత్తకుండా మూరెడు చార సాగుతుంది. అమెరికాలో మాక్ అనే కుటుంబం 1891 నుంచి కుంచెల వ్యాపారంలో ఉంది. మిషిగన్ రాష్ట్రంలోని జోన్స్‌విల్‌లో వారి కంపెనీ కట్టే కత్తి కుంచెను ఈనాటికీ పనివాళ్లు వెతుక్కుని కొంటారు. 1891 నాటి బండి పెయింటరు ఇప్పుడు లేచి వచ్చినా ఆ కుంచె పట్టుకుని తడుముకోకుండా పనిలో దిగగలడు.

రంగు అలా నిలవలేదు. మొదటి దెబ్బ వేగానిది. ఫోర్డ్ మోడల్-టి 1908లో వచ్చినప్పుడు దానిమీద చారలుండేవి. 1913లో అసెంబ్లీ లైను వచ్చింది. 1914 నుంచి 1925 దాకా ఆ కారు నల్లరంగులోనే వచ్చింది. బట్టీలో కాల్చి ఆరబెట్టే నలుపు అది. గంటల లెక్కన కార్లు బయటికి తోసే చోట చార లాగే మనిషికి చోటెక్కడ? ఆపైన 1923-24లో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో అనే నైట్రోసెల్యులోజ్ లాకర్ తెచ్చింది. జనరల్ మోటార్స్ వారి ఓక్లండ్ కారుకు ముందుగా అది పడింది. వారాలు పట్టే పని గంటల్లోకి దిగింది. స్ప్రే తుపాకీతో చిమ్మితే ఆరిపోయే ఆ రంగు కుంచెకు శత్రువు. చార సగంలో ఉండగానే కుచ్చులో బిగుసుకుంటుంది. పైగా దాని తిన్నర్ కింది పూతనే కరిగిస్తుంది, తప్పు పడితే తుడిచే వీలుండదు. 1930లలో ఖరీదైన కార్ల మీద చారలు ఇంకా కనిపించేవి. 1933లో లాస్ ఏంజెలెస్‌లో బ్యూగ్లర్ అనే చిన్న పనిముట్టు కూడా వచ్చింది. గొట్టంలో రంగు పోస్తే ముక్కున ఉన్న చిన్న చక్రం గీత గీస్తుంది. సమానమైన గీతకు అది చాలా మంచిది. కానీ గీత లావూ సన్నమూ చేయడం దానికి చేతకాదు, అందుకే కుంచెను అది కదిలించలేకపోయింది.

కుంచె పనికి మళ్లీ ఊపిరిపోసింది ఆల్కిడ్ రెసిన్. 1920లలో జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలల్లో రూపుదిద్దుకున్న ఈ రెసిన్‌తో ఎనామిల్ రంగు చేస్తే అది నూనెలా సాగుతుంది, నెమ్మదిగా ఆరుతుంది, ఆరాక గట్టిగా మెరుస్తుంది. బోర్డులు రాసేవారి కోసం 1948లో ఇలాంటి ఎనామిల్ ఒకటి వన్ షాట్ పేరుతో అమెరికా సంతలోకి వచ్చింది. ఒక్క పూతతో కింది రంగును కప్పేస్తుందని ఆ పేరు. దీని అసలు మేలు మరొకటి. ఇది మినరల్ స్పిరిట్‌తో పలచబడుతుంది. ఆ స్పిరిట్ బాగా ఆరిన కారు పూతను ఏమీ చేయదు. చార వంకరపోతే గుడ్డతో తుడిచేసి మళ్లీ లాగవచ్చు. నేర్చుకునేవాడికి ఇంతకంటే పెద్ద వరం లేదు. అయితే ఆ కప్పే గుణంలో సీసం పాలూ ఉండేది. ఇప్పటి రంగుల్లో సీసం తీసేశారు.

ఆ రంగు, ఆ పాత కుంచె కలిసి 1950లలో కాలిఫోర్నియాలో చేసిన అల్లరి ఈ విద్య చరిత్రలోనే పెద్ద మలుపు. యుద్ధం ముగిశాక కుర్రవాళ్లు పాత ఫోర్డ్ కార్లు కొని, కోసి, అతికి, హాట్‌రాడ్‌లు చేసుకునేవారు. పేరుపలకలూ తలుపు పిడులూ పీకేసి ఆ కంతలు సీసంతో పూడ్చేవారు. అరగదీసిన చోట మచ్చలు మిగిలేవి. ఆ మచ్చల మీద చారలు గీసి మాయ చేసినవాడు కెనెత్ హోవార్డ్. లాస్ ఏంజెలెస్‌లో 1929లో పుట్టాడు. తండ్రి బోర్డులు రాసే పెయింటరు. కొడుకు మోటారుసైకిళ్ల షాపులో పనికి చేరి తండ్రి చేతి విద్యను బండ్ల మీదికి తెచ్చాడు. వాన్ డచ్ అన్నది అతను పెట్టుకున్న పేరు. అతని ముందువరకూ చార అంటే అంచువెంట నడిచే గీత. అతను దాన్ని బానెట్ నడుమకు తెచ్చి మెలితిప్పాడు. నడిగీత గీసి, దానికి ఎడమన ఒక వంపు, కుడిన దానికి జోడు వంపు. మన ఇంటిముందు మెలికల ముగ్గు వేసే చేతికి ఈ లెక్క వెంటనే పట్టుబడుతుంది. కాలిఫోర్నియాలో కారుకు చారలు వేయించడాన్నే కొన్నాళ్లు "డచ్ చేయించడం" అన్నారంటే అతని చేయి ఎంత పాకిందో చూడండి. 1992లో పోయాడు.

అతనొక్కడే అనుకోకూడదు. ఓక్లండ్ పట్టణంలో టామీ ది గ్రీక్ అప్పటికే కన్నీటిబొట్టు ఆకారపు గీతలకు పేరుపడ్డాడు. డీన్ జెఫ్రీస్, ఎడ్ రోత్ ఆ తరంవారే. నా మటుకు నాకు టామీ గీతలే ఎక్కువ నచ్చుతాయి. తక్కువ గీతలతో ముగించడం అతనికి తెలుసు.

ఆ తర్వాతి కథ త్వరగా చెప్పేయవచ్చు. 1970ల నాటికి అంటించే చారల టేపు వచ్చి కార్ఖానాలకు పని తేలిక చేసింది. ఆపైన రెండు పాళ్లు కలిపే యురెథేన్ రంగులు వచ్చాయి. పైన క్లియర్ కోటు కొట్టాలనుకునేవారికి ఇవే తగినవి. మామూలు ఎనామిల్ చార మీద క్లియర్ చిమ్మితే అది ముడతలు పడే ప్రమాదముంది. రంగు ఎన్ని వేషాలు మార్చినా చేత్తో లాగేవారి వేళ్లమధ్య అదే కుంచె. 2003లో తెరిచిన గుడ్‌వుడ్ కార్ఖానాలో రోల్స్ రాయిస్ కార్ల పక్క చారను మార్క్ కోర్ట్ అనే పనివాడు చేత్తోనే లాగుతాడు. సుమారు మూడు మిల్లీమీటర్ల వెడల్పు, ఐదారు మీటర్ల పొడవు. కుంచె ఉడుత, ఎద్దు వెంట్రుకలది.

మన దగ్గర ఈ పని తెలియనిది కాదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలకు రంగులేసేవాళ్లు లైనింగ్ బ్రష్‌తో బతికినవాళ్లే. పటాలు గీసే చేర్యాల నకాషీల కుంచె కూడా ఉడుత వెంట్రుకలదే. అందుకని మొదలుపెట్టేవారికి నాలుగు మాటలు చెబుతాను.

కత్తి కుంచె ఒక్కటి చాలు, సున్నా నంబరుది. నంబరు పెరిగితే గీత లావవుతుందనుకోకండి. గీత లావు మీరు నొక్కేదాన్నిబట్టి ఉంటుంది, నంబరునుబట్టి కుచ్చులో పట్టే రంగు ఉంటుంది. ముంగిస వెంట్రుకల కుంచె ఎవరైనా అంటగడితే కొనకండి. వన్యప్రాణి చట్టం కింద అది నేరం. ఉడుత కుంచె దొరక్కపోతే మెత్తని సింథటిక్ కుంచెతో మొదలుపెట్టవచ్చు.

రంగుకు మన ఊరి హార్డ్‌వేర్ కొట్లోని సింథటిక్ ఎనామిల్ చిన్నడబ్బా సరిపోతుంది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని 2016లో నియమం వచ్చింది. బండ్లకు వేసే పరిశ్రమ రంగులకు ఆ నియమం వర్తించదు, ఇంట్లో పిల్లలుంటే ఇది గుర్తుంచుకోండి. నున్నటి అట్టముక్క మీద చెంచాడు రంగు పోసి, కుంచెను టర్పెంటైన్‌లో ముంచి, రెండువైపులా అటూ ఇటూ పదిపన్నెండుసార్లు ఈడ్వండి. ఆముదం జారినట్టు జారాలి. మజ్జిగలా ఉంటే పరుచుకుపోతుంది, పెరుగులా ఉంటే తెగిపోతుంది. ఈ ఈడ్వడంలోనే సగం పని ఉంది. చాలామంది చార పాడైందని చేతిని తిట్టుకుంటారు, పాడైంది అట్టమీదే. మన ఎండల్లో రంగు త్వరగా చిక్కబడుతుంది కాబట్టి ఉదయం పూటే కూర్చోండి.

బొటనవేలూ చూపుడువేలూ పిడిని పట్టాలి, చిటికెనవేలు పలక మీద జారుతూ ఊతమివ్వాలి. కుంచెను మీవైపు లాగండి. మణికట్టు కదపకుండా భుజం, నడుము కదలాలి. చూపు కొన మీద కాక అది వెళ్లబోయే చోట ఉండాలి. దుక్కి దున్నే రైతు కర్రు వంక చూస్తూ సాలు తీయడు కదా.

మొదటి నెల బండి జోలికి పోకండి. పాత కిటికీ అద్దం ఒకటి తెచ్చి, దాని కింద గీతలు గీసిన కాగితం పెట్టి, వాటిమీదే చారలు లాగి తుడవండి. పని ముగిశాక కుంచెను టర్పెంటైన్‌లో రెండుమూడుసార్లు కడిగి, కుచ్చుకు కొత్త ఇంజనాయిల్ చుక్క పట్టించి, కత్తి ఆకారానికి వేళ్లతో దువ్వి, పడుకోబెట్టి ఉంచండి. నిలబెడితే కొన వంగుతుంది. రంగు ఎండనిచ్చిన ఉడుత కుంచె మళ్లీ బాగుపడదు.

మీ ఊళ్లో లైనింగ్ చేసిన పాత పెయింటరు ఒకరు తప్పకుండా ఉంటారు. ఫ్లెక్సీలూ స్టిక్కర్లూ వచ్చాక ఆయన దగ్గరికి వెళ్లేవారు తగ్గారు. అద్దం ముక్కా కుంచే పట్టుకుని ఈ ఆదివారమే ఆయన దగ్గరికి వెళ్లండి. ఒక చార లాగి చూపించమని అడగండి.