మన దిబ్బలు – మన విద్యార్థులు

కళాశాలలో చేరబోవు బిడ్డ "నేను మానవశాస్త్రమును, పురావస్తుశాస్త్రమును చదివెద"నని పలికినయెడల మన యిండ్లలో మొదట పుట్టు ప్రశ్న యొక్కటే: "ఆ చదువు కూడు పెట్టునా?" ప్రశ్న న్యాయమైనదే. కాని దానికంటె ముందడుగవలసినది మఱియొకటి కలదు. ఆ చదువు లేమిచే మనము పోగొట్టుకొనిన దెంత? కృష్ణ సముద్రమును చేరు ఈ సీమలో దీనికి సమాధానము నేలమీదనే యున్నది.

కృష్ణకు ఆవలియొడ్డున భట్టిప్రోలులో గొప్ప బౌద్ధస్తూప మొకటి యుండెను. పందొమ్మిదవ శతాబ్దమున కాలువపనులు చేయించిన ఇంజనీర్లు దానిని పగులగొట్టించి, అందలి పాలరాళ్లను వెల్లటూరు లాకు కట్టుటకు వాడిరి. గుడివాడ దిబ్బలనుండియు ఇటుకలు రోడ్డుపనులకు తరలిపోయినవి. ఇందు ద్వేషము లేదు. పని చేయించిన దొరకుగాని, తట్ట మోసిన కూలికిగాని, చూచుచు నిలుచున్న గ్రామపెద్దకుగాని అది యేమో తెలియదు. అజ్ఞానము చేయు నష్టమునకు పగవాడు అక్కఱలేదు.

1892లో పురావస్తుశాఖకు చెందిన అలెగ్జాండరు రే భట్టిప్రోలులో మిగిలినదానిని త్రవ్వించగా రాతికరండములు బయల్పడినవి. వానిపై బ్రాహ్మీలిపిలో వ్రాతలుండెను. జర్మను పండితుడు బ్యూలరు వానిని చదివెను. కుబిరకుడను రాజు పేరును, గోష్ఠిగా కూడి దానముచేసిన పౌరుల పేర్లును అందు కలవు. రాజుల పేర్లు ఏ పురాణమందైనను దొరకవచ్చును. క్రీస్తునకు పూర్వము ఈ డెల్టాలో బ్రదికిన సామాన్యగృహస్థుల పేర్లు మఱెక్కడ దొరకును? లాకులో చేరిన రాళ్లు ఏమి చెప్పగలిగి యుండెడివో యిక నెవ్వరును చెప్పజాలరు.

బందరునకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున, పూర్వపు దివి తాలూకాలో ఘంటసాల కలదు. రెండవ శతాబ్దమున గ్రీకు భూగోళజ్ఞుడు టాలమీ మైసోలియా దేశమున "కొంటకొస్సుల" యను వర్తకస్థానమును పేర్కొనెను. ఆ స్థానమిదియే యని పండితుల నిర్ణయము. ఇచటి ప్రాకృతశాసనములలో శివకుడను మహానావికుని పేరున్నది. నాగార్జునకొండయందు మూడవ శతాబ్దమున బోధిశ్రీ యను ఉపాసిక వేయించిన శాసనము, కంటకసేల మహాచైత్యపు తూర్పువాకిట ఆమె కట్టించిన శిలామండపమును చెప్పుచున్నది. ఒక గృహిణి తన పేర దానముచేసి, ఆ పేరు రాతిపై చెక్కించుకొనిన దేశమిది. స్త్రీకి పేరేల, ధనమేల యనువారికి ఇంతకంటె మంచి ప్రత్యుత్తర మేది?

అయినను మట్టిని త్రవ్వుట సగము పనియే. భట్టిప్రోలు, గుడివాడ స్తూపములను జనులు "లంజదిబ్బ" లని పిలిచిరి. చదువరులు మన్నింతురుగాక, ఆ పేరు పలుకక తప్పదు. ఒకనాడు వేలకొలది జనులు ప్రదక్షిణము చేసిన పుణ్యస్థలమున కీ పేరెట్లు వచ్చెను? ఏ కథలు చెప్పుకొని జనులు పాతదానిని మఱచిరి? ఇది పలుగుతో తేలునది కాదు. ఊరి వృద్ధుల చెంత కూర్చుండి, ఓపికతో విని, పోల్చిచూచి తెలిసికొనవలెను. ఆ వినుటను నేర్పునది మానవశాస్త్రము.

ఈ శాస్త్రమునకును ఒక మచ్చ కలదు. 1909లో థర్‌స్టను ప్రకటించిన దక్షిణదేశ కులముల గ్రంథము ఏడు సంపుటములు. అందు జనుల తలలను, ముక్కులను కొలిచి కులములకు ముద్రలు వేసిరి. ఆ కాలముననే ప్రభుత్వము ఎఱుకలవారిని పుట్టుకచేతనే నేరస్థులని యెంచి, బాపట్ల చెంత స్టూవర్టుపురమున కావలిలో నుంచెను. ఆ చట్టము 1952లో రద్దయ్యెను. కొలతలచే మనుష్యుని గుణము తెలియదని సాక్ష్యములతో చూపినదియు పిదపటి మానవశాస్త్రమే. తన తప్పును తానే దిద్దుకొనిన విద్య మన బిడ్డలకు పనికిరాదా?

ఇక కూటి ప్రశ్న. బి.ఏ. పట్టముతోనే ఈ శాఖలలో ఉద్యోగము దొరకుట యరుదు. సాధారణముగా ఎం.ఏ. వఱకు చదువవలెను. విశాఖపట్టణమున ఆంధ్రవిశ్వకళాపరిషత్తులో ఈ రెండు విద్యలకును బోధన కలదు. చదువదలచినవారు ప్రాకృతమును, పాతలిపులను మొదటినుండియు అభ్యసింతురుగాక. మట్టిపొరలలో పైది క్రొత్తది, క్రిందిది పాతది యను సూత్రమును, కుండపెంకులను బట్టి కాలమును గుర్తించుటను సెలవులలో తమ యూరి చెంతనే చూచి నేర్వవచ్చును. దొరకినదానిని కదల్పక, చోటు వ్రాసికొని, అధికారులకు తెలుపుట మొదటి పాఠము.

అందఱును పురావస్తుశాఖలో చేరనక్కఱలేదు. కొందఱు ఉపాధ్యాయులగుదురు, కొందఱు తహసీల్దారులగుదురు, కొందఱు ఇల్లు దిద్దుకొందురు. నాడు భట్టిప్రోలులో కావలసినది గొప్ప పండితుడు కాడు. "ఆగుడు, ఇది ఊరక దిబ్బ కాదు" అని చెప్పగల యొక్క మనిషి కావలెను. అట్టివారిని ఊరికొక్కరి నిచ్చు చదువు కూడు పెట్టునో లేదో కాని, ఊరికి పేరు నిలుపును. ఆడపిల్లయైనను, మగపిల్లవాడైనను, ఆ కోరికతో వచ్చినపుడు పెద్దలు తలుపు మూయరాదు.